ఎఫ్‌సీ లేని బండి

కావలి డిపోలో ముప్పై ఒక్కేడు
బస్సుల కింద వెల్లకిలా పడుకోని బతికినోణ్ణి.
రిటైరైన డబ్బులు జనతాపేటలో
మేడ మీద రెండు పోర్షన్లయినాయి.
చాలనిదానికి బ్యాంకు.

బస్సుకైతే ఏడాదికోసారి ఎఫ్‌సీ ఉంటాది.
బ్రేకు తొక్కి చూస్తారు, లైటేసి చూస్తారు,
బాగుంటేనే రోడ్డెక్కనిస్తారు.
ఇంటికి అదేం లేదు.
ఆగిపోయిన రోజే తెలుస్తాది
అది ఇన్నాళ్ళూ నడస్తా ఉండిందని.

ఒక పోర్షను ఐదువేల ఐదొందలు,
ఇంకోటి నాలుగువేల ఎనిమిదొందలు.
బ్యాంకు కంతు తొమ్మిదివేల నాలుగొందలు.
తొమ్మిదొందలు మిగిలినాయని
మొదటి నెల మైసూరుపాకు తెచ్చినా.
రెండో నెల మోటరు కాలింది.
వైండింగు మూడువేల రెండొందలు.
మూడున్నర నెలల మిగులు, పైన యాభై.
మైసూరుపాకు లెక్కలో రాయలేదు.

"పాలు పిండుకోవడమేనా,
మేత ఎవరి ఖాతా?" అనింది వెంగమ్మ,
గోరుచిక్కుళ్ళు తుంచతా, తలెత్తకుండా.
ఆ రోజు నుంచి బియ్యం డబ్బా వెనక
హార్లిక్సు సీసా ఒకటి.
అద్దె రాంగానే అందులో ఎనిమిదొందలు.
మిగిలిన వంద నాది.

మా బోరు ఉప్పునీళ్ళు.
పైపుని లోపల్నించి తింటాయి,
ట్యాపు మెడ కాడ తెల్లగా పూస్తాయి.
ప్లంబరు జిలానీ గోడకి చెవి పెట్టి
"లోపలే కారతా ఉండాది పెద్దాయనా" అని
నాలుగు టైల్సు పగలగొట్టినాడు.
ఆ రంగు ఇప్పుడు రావడం లేదంట.
లేత నీలం గోడలో నాలుగు గోధుమరంగు చదరాలు,
చొక్కాకి మాసికేసినట్టు.

ఆస్పత్రి నర్సు సుగుణ మేరీ
ఆరొందల నలభై తగ్గించి ఇచ్చింది అద్దె.
ఎవర్నడిగి? అని మెట్లెక్కబోయినా.
నోట్ల మధ్య మడిచిన బిల్లు:
ట్యాపు, టేపు, కూలి.
కింద పెన్నుతో,
"వాషర్లు రెండు మిగిలాయి, కిటికీలో పెట్టాను."
ఎక్కిన మెట్టు దిగినా.
మిగిలిన వాషరు సంగతి కూడా రాసేవాణ్ణి
నేనొక్కణ్ణే అనుకుంటా ఉండినా ఇన్నేళ్ళు.

ఆ వారమే మాల్యాద్రి.
రొయ్యల మేత కంపెనీ, భీమవరానికి బదిలీ.
"ఆదివారానికి అడ్వాన్సు చూడండి."
పదిహేను వేలు.
చూస్తానే ఉండా,
స్లాబు మీద, పోయిన వానలకి పూయించిన
తెల్ల పూతలో ఉండాది మొత్తం.
చీటీ తగ్గించి పాడి తెచ్చినా.
గోడల సున్నానికి కొంత కోస్తానన్నా కూడా.
కోయలేదు.
తూర్పు గోడ మేకు నుంచి క్యాలెండరు తీస్తే
జనవరి నుంచి డిసెంబరు దాకా చెమ్మ.
మూడేళ్ళు దాన్ని వెనకేసుకోని
ఒక్క మాట అన్లేదు ఆ పిల్లోడు.

ఇంక మీదట అడ్వాన్సు పోస్టాఫీసులో.
అది నాది కాదు,
నా కాడ ఉండాది, అంతే.

కార్తీకంలో వాయుగుండమన్నారు.
చాప, టార్చి, బకెట్టు, లెక్కల బుక్కు,
ఖాళీ పోర్షన్లో పడుకున్నా.
ఒక్క రాత్రికి నా ఇంట్లో నేనే అద్దెకి.
కింద వెంగమ్మ చేతిలో గిన్నె జారితే
నా చెవి పక్కనే పడినట్టుండాది.
నా దగ్గూ ఇట్టాగే వినపడి ఉంటాది వీళ్ళకి.
ఒకటో తేదీ నేను పైకి చదివే లెక్కలూ.

వాన అందుకుంది.
బండి కింద పడుకున్నట్టే
కప్పుని చూస్తా ఉండా కళ్ళార్పకుండా.
టార్చి పళ్ళ మధ్య పట్టుకోని రాసినా:

రాత్రి రెండుంబావు.
తూర్పు గోడకి జానెడు ఇవతల, కిటికీ నెత్తిన.
మొదటి చుక్క.